దివాన్ సింగ్ కాలేపానీ: నేతాజీ పోర్ట్ బ్లెయిర్‌లో జెండా ఎగరేసిన రోజున సెల్యులర్ జైలులోనే ఉన్న డాక్టర్ కథ

అది 1943 డిసెంబర్ 30. పోర్ట్ బ్లెయిర్‌లోని జింఖానా మైదానంలో సుభాష్ చంద్రబోస్ మువ్వన్నెల జెండా ఎగరేశారు. బ్రిటిష్ పాలన నుంచి బయటపడిన భారత భూభాగంగా అండమాన్ నికోబార్ దీవులను ఆజాద్ హింద్ ప్రభుత్వం ప్రకటించుకుంది. అండమాన్‌కు షహీద్ అని, నికోబార్‌కు స్వరాజ్ అని పేర్లు పెట్టారు.

ఆ మైదానానికి కొద్ది దూరంలోనే సెల్యులర్ జైలు ఉంది. అక్కడ ఒక గదిలో ఆ రోజు ఒక డాక్టర్ బందీగా ఉన్నారు. ఆయన బ్రిటిష్ వాళ్ల పక్షాన నిలిచిన మనిషి కాదు. బోస్ నాయకత్వం వహిస్తున్న ఇండియన్ ఇండిపెండెన్స్ లీగ్‌కు అండమాన్‌లో అధ్యక్షుడిగా పనిచేసిన వ్యక్తి. ఆయన్ను బంధించింది కూడా బ్రిటిష్ వాళ్లు కాదు, బోస్‌కు మిత్రులుగా ఉన్న జపాన్ సైనికులు.

ఆయనే డాక్టర్ దివాన్ సింగ్. పంజాబీ సాహిత్యంలో దివాన్ సింగ్ కాలేపానీగా ప్రసిద్ధుడైన కవి. జెండా పండుగ జరిగిన రెండు వారాలకు, 1944 జనవరి 14న ఆయన ఆ జైలులోనే ప్రాణాలు వదిలారు.

రెండో ప్రపంచ యుద్ధం భారత గడ్డపై ఎలా గడిచిందో చెప్పాలంటే ఇంఫాల్, కోహిమా యుద్ధాలు గుర్తుకొస్తాయి. తెలుగువారికైతే 1942 ఏప్రిల్ 6న విశాఖపట్నం, కాకినాడల మీద పడిన జపాన్ బాంబులు గుర్తుకొస్తాయి. కానీ మూడున్నరేళ్ల పాటు పూర్తిగా జపాన్ సైన్యం చేతిలో ఉన్న భారత ప్రాంతం అండమాన్ నికోబార్ దీవులే. అక్కడి జనానికి యుద్ధం పేపర్లో చదివే వార్త కాదు. ఇంటి గడప దాకా వచ్చిన విపత్తు. దివాన్ సింగ్ జీవితంలోని చివరి రెండేళ్లు ఆ విపత్తును దగ్గరగా చూపిస్తాయి.

సియాల్‌కోట్ నుంచి కాలాపానీకి

దివాన్ సింగ్ 1897 మే 22న సియాల్‌కోట్ జిల్లాలోని గలోటియాఁ ఖుర్ద్ గ్రామంలో పుట్టారు. ఆ ఊరు ఇప్పుడు పాకిస్తాన్‌లో ఉంది. చిన్నతనంలోనే తల్లిదండ్రులను పోగొట్టుకున్న ఆయన బంధువుల దగ్గర పెరిగారు. ఆగ్రాలో వైద్యం చదువుకుని సైన్యంలో డాక్టర్‌గా చేరారు.

అవి జలియన్‌వాలా బాగ్ తర్వాతి రోజులు. దేశమంతా సహాయ నిరాకరణ ఉద్యమం నడుస్తోంది. సైనిక యూనిఫాంలో ఉన్నా దివాన్ సింగ్ మనసు ఉద్యమం వైపే ఉండేది. హిమాలయ పాదాల దగ్గరున్న దగ్‌షాయ్ కంటోన్మెంట్‌లో పనిచేస్తున్నప్పుడు ఉద్యమానికి మద్దతుగా మాట్లాడారని ఆయనపై అభియోగం మోపారు. సాక్ష్యం చెప్పేవారు లేక ఆ కేసు నిలవలేదు.

ఆ తర్వాత బదిలీలు మొదలయ్యాయి. చివరకు రంగూన్ చేరారు. అక్కడి నుంచి 1927లో అండమాన్‌కు వచ్చారు.

1858 నుంచి బ్రిటిష్ ప్రభుత్వం ఖైదీలను ద్వీపాంతరం పంపిన చోటు అది. శిక్ష పడిన వాళ్లు వెళ్లే చోటికి దివాన్ సింగ్ ఉద్యోగిగా వెళ్లారు. అయినా ఆ శిక్ష పేరే ఆయన పేరు చివర స్థిరపడిపోయింది.

డాక్టర్, కవి, బడి

అప్పటి పోర్ట్ బ్లెయిర్ భారతదేశానికి చిన్న నమూనాలా ఉండేది. శిక్ష పూర్తయ్యాక అక్కడే కాపురాలు పెట్టిన ఖైదీలు, వాళ్ల పిల్లలు, మనవలు ఉండేవారు. 1921 తిరుగుబాటు తర్వాత మలబార్ నుంచి పంపిన మాప్పిళ్లలు ఉండేవారు. ఉత్తరాది నుంచి తెచ్చి స్థిరపరచిన భాంతూలు, బర్మా నుంచి వచ్చిన కరెన్‌లు ఉండేవారు. దక్షిణ అండమాన్ పటం మీద ఇప్పటికీ కనిపించే మంజేరి, తిరూర్, వండూర్, కాలికట్ అనే ఊళ్ల పేర్లు మాప్పిళ్లలు తమ వెంట తెచ్చుకున్నవే.

తెలుగువారికీ ఆ దీవులు కొత్త కాదు. అల్లూరి సీతారామరాజు అనుచరుడు గాం మల్లుదొర, కాకినాడ బాంబు కేసులో శిక్ష పడిన ప్రతివాది భయంకరాచారి అండమాన్ జైలు చూసినవారే. ఈ రోజు అండమాన్ నికోబార్ దీవుల్లో ప్రతి 100 మందిలో సుమారు 13 మంది మాతృభాష తెలుగు అని 2011 జనగణన చెబుతోంది.

ఇన్ని మతాలు, ఇన్ని భాషలు ఉన్న ఊళ్లో దివాన్ సింగ్ ఆసుపత్రి డ్యూటీతో సరిపెట్టుకోలేదు. ఒక గురుద్వారా కట్టించడంలో ముందు నిలిచారు. దాని తలుపులు అన్ని మతాల వారికీ తెరిచే ఉండేవి. అక్కడే పిల్లలకు చదువు చెప్పించారు.

రాత్రిళ్లు కవిత్వం రాసుకునేవారు. పంజాబీలో ఛందస్సు కట్టుబాట్లు వదిలేసి రాసిన తొలితరం కవుల్లో ఆయన ఒకరు. 1938లో ఆయన తొలి కవితా సంపుటి వగదే పాణీ వెలువడింది. పారే నీళ్లు అని దానికి అర్థం. కదలిక ఉన్నంత వరకే జీవితం అన్న ఆలోచన అందులో కనిపిస్తుంది. మతం పేరుతో జరిగే ఆచారాలను, అధికారం ముందు తలవంచే అలవాటును ఆయన కవిత్వంలో సూటిగా ప్రశ్నించారు. రెండో సంపుటి అంతిమ్ లహరాఁ అచ్చయ్యేనాటికి ఆయన లేరు. అది 1962లో వచ్చింది.

1942 మార్చి 23

1942 ఫిబ్రవరిలో సింగపూర్, మార్చి మొదట్లో రంగూన్ జపాన్ వశమయ్యాయి. బంగాళాఖాతంలో తర్వాతి మెట్టు అండమాన్ అని అందరికీ అర్థమైంది. బ్రిటిష్ ప్రభుత్వం అక్కడ యుద్ధం చేయాలనుకోలేదు. మార్చి రెండో వారానికల్లా సైన్యాన్ని, యూరోపియన్లలో ఎక్కువ మందిని ఓడలెక్కించి పంపేసింది. చీఫ్ కమిషనర్ వాటర్‌ఫాల్, మరికొందరు అధికారులు మిగిలారు. స్థానిక ప్రజలను మాత్రం వాళ్ల ఖర్మకు వదిలేశారు.

మార్చి 23న జపాన్ సైన్యం దిగినప్పుడు ఎదురు కాల్పులు లేవు. చాలామంది దాన్ని విముక్తిగానే చూశారు. ఆసియా ఆసియా ప్రజలదే అన్న ప్రచారం అప్పటికే చెవిన పడి ఉంది. తెల్లవాళ్ల కాలాపానీ ముగిసిందని సంతోషించినవారూ ఉన్నారు.

ఆ సంతోషం వారం కూడా నిలవలేదు. సైనికులు ఇళ్లలో చొరబడి కోళ్లు, సామాన్లు ఎత్తుకుపోవడం మొదలుపెట్టారు. అబర్దీన్ ప్రాంతంలో జుల్ఫికర్ అలీ అనే యువకుడు కోపం పట్టలేక ఎయిర్‌గన్ పేల్చాడు. ఎవరికీ గాయం కాలేదు. కానీ సైనికులు ఇళ్లు తగలబెట్టి, అతణ్ని అప్పగించేలా చేసి, జనం చూస్తుండగా చంపేశారు. ఆ కొద్ది రోజులకే బ్రిటిష్ అధికారి మేజర్ బర్డ్‌ను గూఢచారి అని ముద్రవేసి బహిరంగంగా తల నరికారు.

ఊరిలో పరిస్థితి చక్కబెట్టేందుకు స్థానికులతో ఒక శాంతి సంఘం వేశారు. జనానికి నమ్మకమున్న మనిషి కావాలి కాబట్టి దివాన్ సింగ్ అందులో ముందుకొచ్చారు. ఇండియన్ ఇండిపెండెన్స్ లీగ్ శాఖకు కూడా ఆయనే నాయకుడయ్యారు.

ఇక్కడి నుంచి ఆయన పరిస్థితి కత్తి మీద సాములా మారింది. స్వాతంత్ర్యం కావాలనుకునే మనిషిగా ఆయనకు లీగ్‌లో నమ్మకం ఉంది. డాక్టర్‌గా రోజూ చూస్తున్నది మాత్రం దెబ్బలు తిన్న ఒళ్లను. జపాన్ అధికారులతో మాట్లాడి ఎవరినైనా విడిపించాలంటే పదవిలో ఉండాలి. పదవిలో ఉంటే వాళ్లు చేసే పనులకు తానూ భాగస్వామి అనిపించుకోవాలి.

ఒప్పుకోని మనిషి

ఆయన పదవిలో ఉన్నారు. కానీ ప్రతి ఆదేశానికీ తల ఊపలేదు.

జపాన్ సైన్యం తన సైనికుల కోసం కొరియా తదితర ప్రాంతాల మహిళలను కంఫర్ట్ ఉమెన్ పేరుతో బలవంతంగా తిప్పిన సంగతి ఇప్పుడు ప్రపంచమంతటికీ తెలుసు. పోర్ట్ బ్లెయిర్‌కు కూడా అలా మహిళలను తెచ్చారు. వాళ్లను ఉంచడానికి గురుద్వారా స్థలాన్ని ఇమ్మని అధికారులు అడిగారని, దివాన్ సింగ్ ససేమిరా అన్నారని ఆయన జీవిత చరిత్రలు చెబుతాయి. పెనాంగ్ రేడియోలో జపాన్‌కు అనుకూలంగా, బ్రిటిష్ వారికి వ్యతిరేకంగా ప్రసంగించమన్నా ఆయన ఒప్పుకోలేదు.

బ్రిటిష్ పాలనను జీవితమంతా వ్యతిరేకించిన మనిషి వారికి వ్యతిరేకంగా మాట్లాడటానికి ఎందుకు ఒప్పుకోలేదన్న ప్రశ్న ఎవరికైనా వస్తుంది. ఎవరి మైకు ముందు నిలబడి మాట్లాడాలన్నదే అక్కడ అసలు విషయం. ఇరుగుపొరుగు వాళ్లను కొట్టి చంపుతున్న సైన్యం తరఫున తన గొంతు వినిపించడమంటే ఆ హింసకు ఆమోదముద్ర వేసినట్టే అయ్యేది.

పడమటి అడవిలో జలాంతర్గామి

1943 మొదలయ్యేసరికి జపాన్ అధికారుల్లో అనుమానం ముదిరింది. అండమాన్ సముద్రంలో వాళ్ల ఓడలు దెబ్బతింటున్నాయి. ఓడల రాకపోకల సమాచారం ద్వీపంలోని వాళ్లే బయటికి చేరవేస్తున్నారని నమ్మారు. గూఢచారుల పేరుతో అరెస్టులు మొదలయ్యాయి. తొలి విడతలోనే పోలీసు అధికారి నారాయణ రావును, మరికొందరిని కాల్చి చంపారు.

అదే సంవత్సరం జనవరిలో నిజంగానే ఒక రహస్య బృందం అండమాన్‌లో దిగింది. అంతకుముందు పోర్ట్ బ్లెయిర్‌లో పోలీసు అధికారిగా పనిచేసిన డెనిస్ మెకార్థీ ఆ బృందానికి నాయకుడు. డచ్ జలాంతర్గామిలో వచ్చి పడమటి తీరాన దిగి, అడవిలో దాక్కుంటూ సమాచారం సేకరించారు. బ్రిటిష్ వాళ్లు దానికి పెట్టుకున్న పేరు ఆపరేషన్ బాల్డ్‌హెడ్.

పోర్ట్ బ్లెయిర్ నుంచి పడమటి వైపు వెళ్తే, ఫెరార్‌గంజ్ తహసీల్‌లో ఆ అడవి అంచున ఉన్న పల్లెల్లో తుష్నాబాద్ ఒకటి. ఒకవైపు వరి పొలాలు, మరోవైపు జారవా తెగ తిరిగే అడవి. ఇలాంటి పల్లెల మీద యుద్ధం రెండు వైపుల నుంచీ పడింది. పట్నంలో ఉన్న జపాన్ సైన్యానికి ధాన్యం కావాలి, కూలీలు కావాలి. రన్‌వే వేయడానికి, తీరం వెంట బంకర్లు కట్టడానికి జనాన్ని పట్టుకుపోయేవారు. అడవిలో దాగిన వాళ్లకు సమాచారం కావాలి. అడవిలో నుంచి వచ్చే మనిషికి ముద్ద పెట్టినా, చూసి ఊరుకున్నా గూఢచారి అన్న ముద్ర పడే కాలం అది. జపాన్ విమానాలు జారవాల అడవుల మీద కూడా బాంబులు వేశాయి. ఏ దేశాల మధ్య యుద్ధమో, ఎందుకో ఆ తెగకు తెలిసే అవకాశమే లేదు.

అసలు గూఢచారులు అడవిలో ఉంటే, అరెస్టులు మాత్రం ఊళ్లలో జరిగాయి. చదువుకున్నవాళ్లు, ఉద్యోగులు, లీగ్‌లో చురుగ్గా ఉన్నవాళ్లే ఎక్కువగా చిక్కారు. నలుగురూ మాట వినే మనిషి అంటేనే సైన్యానికి భయం.

రెండు రోజుల తేడా

1943 అక్టోబర్ 21న సింగపూర్‌లో ఆజాద్ హింద్ ప్రభుత్వం ఏర్పడింది. ఆగ్నేయాసియా అంతటా భారతీయులు ఆ వార్త విని పొంగిపోయారు. సరిగ్గా రెండు రోజుల తర్వాత, అక్టోబర్ 23న, ఆ ఉద్యమానికే చెందిన దివాన్ సింగ్‌ను పోర్ట్ బ్లెయిర్‌లో జపాన్ సైనికులు అరెస్టు చేశారు. అభియోగం గూఢచర్యం.

ఆయనతో పాటు లీగ్ సభ్యులు చాలామంది జైలు పాలయ్యారు. నేరం ఒప్పుకొమ్మని, ఇంకొందరి పేర్లు చెప్పమని హింసించారు. కొట్టడం, వేలాడదీయడం, ఒళ్లు కాల్చడం వంటివి ప్రాణాలతో బయటపడిన తోటి ఖైదీల కథనాల్లో కనిపిస్తాయి. దివాన్ సింగ్ నేరం ఒప్పుకోలేదని, ఎవరి పేరూ చెప్పలేదని వాళ్లే చెప్పారు.

నవంబర్‌లో టోక్యోలో జరిగిన సమావేశంలో అండమాన్ నికోబార్ దీవులను ఆజాద్ హింద్ ప్రభుత్వానికి అప్పగిస్తున్నట్లు జపాన్ ప్రధాని టోజో ప్రకటించారు. డిసెంబర్ 29న బోస్ పోర్ట్ బ్లెయిర్‌లో దిగారు. స్వాతంత్ర్య యోధులను బంధించిన చోటుగా సెల్యులర్ జైలును కూడా దర్శించారు.

కానీ ఆయన పర్యటన మొదటి నుంచి చివరి దాకా జపాన్ అధికారుల కనుసన్నల్లోనే నడిచింది. ఖైదీలున్న వైపు ఆయన్ను తీసుకెళ్లలేదని, ఊళ్లో జరుగుతున్నది ఆయన చెవిన వేసే అవకాశం జనానికి ఇవ్వలేదని ద్వీపవాసుల కథనం. బోస్ వెళ్లిపోయారు. లోపల ఉన్నవాళ్లు లోపలే ఉండిపోయారు.

82 రోజుల చిత్రహింసల తర్వాత జనవరి 14న దివాన్ సింగ్ కన్నుమూశారు. అప్పటికి ఆయనకు 46 ఏళ్లు.

ఆయన మరణంతో అది ఆగలేదు. జనవరి 30న 44 మందిని జైలు నుంచి హంఫ్రీగంజ్‌కు తీసుకెళ్లి కాల్చి, అక్కడే పూడ్చేశారు. వారిలో ఎక్కువ మంది ఇండియన్ ఇండిపెండెన్స్ లీగ్ సభ్యులే. అప్పటికి బోస్ జెండా ఎగరేసి సరిగ్గా నెల రోజులు.

ఫిబ్రవరిలో ఆజాద్ హింద్ ప్రభుత్వం తరఫున లోగనాథన్ చీఫ్ కమిషనర్‌గా వచ్చారు. ఆయనా వృత్తిరీత్యా డాక్టరే. కానీ జపాన్ నౌకాదళం ఆయన చేతికి విద్యాశాఖ తప్ప పెద్దగా ఏమీ ఇవ్వలేదు. పోలీసు వ్యవస్థ వాళ్ల దగ్గరే ఉండిపోయింది. ఆ ఏడాది గడవక ముందే ఆయన వెనుదిరిగారు.

ఆకలి, సముద్రం

1945 నాటికి మిత్రదేశాల నౌకాదళం దీవులకు దారులు మూసేసింది. బియ్యం రాలేదు. సైన్యానికే తిండి కరువైంది. చిలగడదుంపలతో జనం కడుపు నింపుకున్నారు. దొంగతనం చేశారని, ధాన్యం దాచారని కొట్టి చంపిన సంఘటనలు జరిగాయి.

ఆగస్టులో, యుద్ధం రేపో మాపో ముగుస్తుందనగా, తిండి భారం తగ్గించుకోవడానికి సైన్యం మరో దారి వెతికింది. వ్యవసాయం చేసుకోవడానికి వేరే దీవికి పంపుతున్నామని చెప్పి వందల మందిని పడవలెక్కించింది. హేవ్‌లాక్ దగ్గర వాళ్లను సముద్రంలోకి దూకించింది. చాలామంది అక్కడే మునిగిపోయారు. ఒడ్డుకు చేరిన వాళ్లలో ఎక్కువ మంది తిండీ నీళ్లూ లేక చనిపోయారు. బతికి వచ్చి జరిగింది చెప్పినవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టగలిగినంత మందే.

1945 అక్టోబర్‌లో జపాన్ సైన్యం పోర్ట్ బ్లెయిర్‌లో లొంగిపోయింది. దీవుల్లో జరిగిన అకృత్యాలపై సింగపూర్‌లో యుద్ధనేరాల విచారణలు జరిగాయి.

1941 జనగణనలో అండమాన్ నికోబార్ దీవుల జనాభా 33,768. 1951లో అది 30,971. దేశమంతా జనాభా పెరిగిన ఆ పదేళ్లలో ఇక్కడ తగ్గింది. దానికి యుద్ధం ఒక్కటే కారణం కాదు. యుద్ధం తర్వాత ద్వీపాంతర శిక్ష రద్దవడంతో స్వస్థలాలకు వెళ్లిపోయినవారు కూడా ఉన్నారు. అయినా ఆ అంకెలో హంఫ్రీగంజ్ ఉంది, హేవ్‌లాక్ ఉంది, ఆకలి చావులున్నాయి.

ఏ జాబితాలో చేర్చాలి?

స్వాతంత్ర్యోద్యమ చరిత్ర చెప్పే పద్ధతిలో దివాన్ సింగ్ లాంటివారికి చోటు దొరకడం కష్టం. బ్రిటిష్ వాళ్లు ఉరితీసిన వారి జాబితాలో ఆయన ఉండరు. ఆజాద్ హింద్ కోసం యుద్ధంలో చనిపోయినవారి జాబితాలోనూ ఉండరు. ఆజాద్ హింద్‌కు అండగా నిలిచిన దేశమే ఆయన్ను చంపింది. ఆయన కథ చెబితే 1943 డిసెంబర్ 30 నాటి జెండా విలువ తగ్గుతుందేమోనన్న సంకోచం చాలామందిలో ఉంది.

నిజానికి ఆ రెండూ ఒకే ఊళ్లో, ఒకే వారంలో జరిగాయి. మైదానంలో చప్పట్లు కొట్టిన వారిలో తమ వాళ్లు జైల్లో ఉన్న కుటుంబాలు కూడా ఉండి ఉంటాయి. జెండా చూసి కలిగిన ఆనందం అబద్ధం కాదు, జైలు గోడల వెనక హింస కూడా అబద్ధం కాదు. అండమాన్ ప్రజలకు యుద్ధం అంటే ఈ రెండూ కలిసిన అనుభవం. ఒక సామ్రాజ్యాన్ని వదిలించుకోవడానికి మరో సామ్రాజ్యం సాయం తీసుకుంటే దాని ధర ఎవరు చెల్లిస్తారన్న ప్రశ్నకు ఢిల్లీలోనో సింగపూర్‌లోనో కాక ఈ దీవుల్లోనే జవాబు దొరుకుతుంది.

పోర్ట్ బ్లెయిర్‌లో ఈ రోజు దివాన్ సింగ్ పేరు మీద గురుద్వారా ఉంది. చండీగఢ్ దగ్గరి సిస్వాన్‌లో ఆయన కుటుంబం ఒక మ్యూజియం ఏర్పాటు చేసింది. హంఫ్రీగంజ్‌లో 44 మంది స్మృతి చిహ్నం ఉంది. సెల్యులర్ జైలు 1979లో జాతీయ స్మారకమైంది. రోజూ వందల మంది పర్యాటకులు అక్కడ బ్రిటిష్ కాలపు కథ వింటారు. అదే జైలులో జపాన్ కాలపు కథ వినాలంటే మాత్రం అడిగి చెప్పించుకోవాలి.

బోస్ జెండా ఎగరేసి 75 ఏళ్లయిన సందర్భంగా 2018 డిసెంబర్ 30న మూడు దీవుల పేర్లు మార్చారు. నీల్ దీవి షహీద్ ద్వీప్ అయింది. రాస్ దీవికి నేతాజీ పేరు పెట్టారు. 1945 ఆగస్టులో వందల మందిని తన ఒడ్డున సముద్రంలోకి నెట్టడం చూసిన హేవ్‌లాక్ పేరు ఇప్పుడు స్వరాజ్ ద్వీప్.